తప్పించాల్సింది పనిని, పిల్లల్ని కాదు

కీళ్లవాతం ఉన్న తల్లికి రోజంతటిలోకీ కష్టమైన వేళ పొద్దున్నే. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని డాక్టర్లు చీటీ మీద రాసే ఈ జబ్బులో, నిద్ర లేచేసరికి వేళ్లు, మణికట్లు, పాదాల కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఆ బిగువు సడలడానికి అరగంట పట్టవచ్చు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో గంట దాటినా గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు ముడవవు. సరిగ్గా ఆ వేళకే మూడేళ్ల పిల్లాడు రాత్రంతా కూడగట్టుకున్న హుషారుతో లేచి కూర్చుంటాడు. ఎత్తుకోమంటాడు, గుర్రం ఆట ఆడమంటాడు, దాక్కుంటాను వెతకమంటాడు. ఇలాంటి ఇళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువే. మన దేశంలో పెద్దవాళ్లలో వెయ్యికి ఏడెనిమిది మందికి ఈ కీళ్లవాతం ఉంటుందని అంచనా. మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఇది రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. లూపస్ పదిమందికి వస్తే అందులో తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ చాలామందికి పిల్లల్ని కని పెంచే వయసులోనే బయటపడుతుంది. మైగ్రేన్, ఆస్తమా, గుండె, కిడ్నీ జబ్బులు కూడా కలుపుకుంటే, ఎప్పటికీ పూర్తిగా నయం కాని జబ్బుతో పసివాళ్లను సాకుతున్న తల్లో తండ్రో మన చుట్టాల్లోనో, మన వీధిలోనో తప్పకుండా కనిపిస్తారు.

వీళ్లందరినీ వేధించే ప్రశ్న ఒకటుంది: ఇంత చిన్నవాణ్ణి రోజంతా ఇంట్లో ఆడించేదెట్లా? దీనికి మన ఇళ్లలో దొరికే జవాబులు రెండే. పంటి బిగువున లేచి ఆడించడం మొదటిది. ఆ పూట గడుస్తుంది గాని, మర్నాడు ఆ మనిషి మంచం దిగలేదు. రెండోది, 'నీకు ఒంట్లో బాగోలేదు కదా' అంటూ పిల్లాణ్ణి అమ్మమ్మగారింటికి పంపేయడం, లేదంటే చేతికి ఫోనిచ్చి పక్క గదిలో కూర్చోబెట్టడం. రెండు జవాబులకూ వెనక ఉన్న నమ్మకం ఒకటే, పిల్లల్ని ఆడించడమంటే వాళ్లతో సమానంగా గెంతడమని. ఆ నమ్మకమే తప్పు. పెద్దవాళ్ల నుంచి పిల్లలకు ముఖ్యంగా కావలసింది బదులు: చూస్తే తిరిగి చూడటం, అడిగితే జవాబు చెప్పడం, బొమ్మ చూపిస్తే 'దీనికి తోకేదీ?' అని అడగడం. దానికి పెద్ద ఓపిక అక్కర్లేదు, కాని కాస్తయినా మిగిలి ఉండాలి. అది మిగలాలంటే జబ్బుపడ్డ మనిషి నెత్తిమీంచి ముందుగా దించాల్సింది ఇంటి చాకిరీని. మనం చేస్తున్నది తలకిందులు వ్యవహారం. పిల్లాణ్ణి తప్పించి పొయ్యిని ఆమెకే వదిలేస్తున్నాం.

బదులు గొప్పదని ఊరికే అంటే చాలదు, ఆధారం చూపాలి. 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. తల్లి తన శిశువుకు ఎదురుగా కూర్చుని కాసేపు మామూలుగా ముచ్చట్లాడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపు ఊరికే చూస్తూ ఉండిపోతుంది. తల్లి ఎక్కడికీ పోలేదు, కళ్లెదుటే ఉంది. అయినా బిడ్డ కొద్దిసేపట్లోనే తేడా పసిగడుతుంది. నవ్వి చూస్తుంది, చేతులు చాస్తుంది, కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పుకుని ఏడుపందుకుంటుంది. పెద్దపిల్లల విషయంలోనూ ఇదే దారిలో సాగిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. అమెరికాలోని ఎంఐటీ, హార్వర్డ్ పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల వయసున్న 36 మంది పిల్లల ఇళ్లలో మాటల్ని రికార్డు చేసి, ఆ పిల్లలు కథ వింటున్నప్పుడు వాళ్ల మెదడును స్కాన్ చేశారు. పెద్దవాళ్లు మొత్తం ఎన్ని మాటలు గుప్పించారన్న లెక్క కన్నా, మాట అటూ ఇటూ ఎన్నిసార్లు చేతులు మారిందన్న లెక్కే భాషకు సంబంధించిన మెదడు భాగం చురుకుదనంతో ఎక్కువగా ముడిపడి కనిపించింది. ఇంటి ఆదాయం, తల్లిదండ్రుల చదువు పక్కన పెట్టి చూసినా ఆ సంబంధం నిలబడింది.

మరి ఎన్ని గంటలు గడపాలి? జబ్బు మనుషుల్ని ఎక్కువగా కుంగదీసే లెక్క ఇదే. 2015లో మెలిస్సా మిల్కీ, ఆమె సహచరులు అమెరికన్ కుటుంబాల సమాచారాన్ని పరిశీలించి ప్రచురించిన అధ్యయనం, మూడు నుంచి పదకొండేళ్ల పిల్లలతో తల్లి గడిపే గంటల సంఖ్యకూ ఆ పిల్లల చదువు, నడవడి, మనఃస్థితికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని తేల్చింది. దీన్ని పట్టుకుని తల్లి అక్కర్లేదని ఎవరూ అనలేరు. గంటలు లెక్కపెట్టుకుని బాధపడటంలో అర్థం లేదని మాత్రం అనవచ్చు. ఈ అధ్యయనాలేవీ ప్రత్యేకంగా రోగుల మీద చేసినవి కావన్నది నిజం. కాని మూడూ కలిపి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. పిల్లల ఎదుగుదలకు పనికొచ్చే భాగం పెద్దవాళ్ల కాళ్లలోనూ భుజాల్లోనూ లేదు. చూపులో, మాటలో, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగడంలో ఉంది. ఇవన్నీ మంచం మీంచి చేయగల పనులే.

ఇక్కడ మనకు కలిసొచ్చే సంగతొకటి ఉంది. తెలుగు ఇళ్లలో కూర్చుని ఆడే ఆటలకు కొదవ లేదు. అష్టాచమ్మానే తీసుకోండి. అట్టముక్క మీద అయిదు వరసలు, అయిదు నిలువులు గీస్తే పలక సిద్ధం. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీస్తే చాలు. ఆ అరగదీయడమే అయిదేళ్ల పిల్లకు అరపూట కాలక్షేపం. పిక్కలు వేడెక్కితే 'చుర్రుమంటోంది' అని చెల్లి చేతికి అంటించి నవ్వుతుంది. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. వేళ్లు ముడవని తల్లి పిక్కల్ని చేత్తో విసరక్కర్లేదు, చిన్న గిన్నెలో వేసి బోర్లిస్తే సరిపోతుంది. ఆమె కాయల్ని జరిపే పని పిల్లకు అప్పగించవచ్చు. తన కాయతో పాటు ప్రత్యర్థి కాయనూ నిజాయితీగా జరపాల్సి వస్తుంది కాబట్టి లెక్క, ధర్మం రెండూ ఒక్క ఆటలో నేర్చుకుంటుంది. పద్నాలుగు గుంటల వామనగుంటల పలక, మూడు పులులూ పదిహేను మేకలూ ఉండే పులి-మేక, ఇవన్నీ ఇలాంటివే. ఒకరు పక్కకు ఒరిగి పడుకుని ఉన్నా ఆట ఆగదు. ఒక్క జాగ్రత్త, మూడేళ్ల లోపు పిల్లలు దగ్గరుంటే చింతపిక్కలు, గవ్వలు తీయకూడదు, గొంతులో అడ్డుపడతాయి.

ఇంకా చిన్నవాళ్లకు నియమాల ఆటలు పట్టవు. వాళ్లతో పెద్దవాళ్లు కదలకుండా ఉండటమే నియమంగా ఉన్న ఆటలు ఆడాలి. ఆస్పత్రి ఆటలో అమ్మ రోగి, కొడుకు డాక్టరు. రోగి లేవకూడదు, డాక్టరే చుట్టూ తిరగాలి. కొట్టు ఆటలో అమ్మ బేరమాడే మనిషి, దుకాణదారు సామాన్లు మోసుకురావాలి. ఏటికొప్పాక లక్క పిడతలతో వంట చేసి పెడితే తినిపించుకోవడం, ఉప్పెక్కువైందని పేచీ పెట్టడం అమ్మ పని. దుప్పటి కప్పుకున్న మోకాళ్లు కొండలు, వాటి మధ్య బొమ్మ కార్లు ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. ఇలాంటి ఆటల్లో ఒక కిటుకుంది. ఆట బరువంతా పిల్లాడి మీద ఉంటుంది, ఆటకు ప్రాణం పోసే జవాబులు మాత్రం అమ్మవి. 'డాక్టరుగారూ, సూది వద్దండీ, చేదు మందైనా తాగుతాను' అన్న ఒక్క మాటకు పిల్లాడు పది నిమిషాలు పని కల్పించుకుంటాడు. ఆస్పత్రి ఆటలో అసలు మందుల అట్టలు, సిరంజీలు ఎట్టి పరిస్థితిలోనూ చేతికి ఇవ్వకూడదు. కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ మందును పెద్దవాళ్లే వారానికి ఒక్కసారి వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. అటువంటి మందు ఉండాల్సింది తాళం వేసిన అలమారలో, దిండు కింద కాదు.

కదలలేని మనిషికి ఉన్న పెద్ద ఆస్తి మాట. పొడుపు కథలు, అంత్యాక్షరి, 'క' తో మొదలయ్యే పది వస్తువులు చెప్పమనడం, ఇవన్నీ దీపం ఆర్పేసి కళ్లు మూసుకుని కూడా ఆడవచ్చు. మైగ్రేన్‌తో వెలుతురు భరించలేని వాళ్లకు కాస్త తెరిపి దొరికిన వేళ ఇది మేలు. కథల సంగతి చెప్పనే అక్కర్లేదు. క్షయ సోకి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకున్న చక్రపాణి, ఆ తర్వాత 1947లో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' ప్రారంభించాడు. రెండు మూడు తరాల తెలుగు పిల్లలకు తీరిక వేళల్ని నింపిన పత్రిక వెనక క్షయతో మంచం పట్టి లేచిన మనిషి ఉన్నాడు. అయితే దీర్ఘ వ్యాధుల్లో చాలామందికి మెదడు మొద్దుబారినట్టుంటుంది, కథ సగంలో దారి తప్పుతుంది. అప్పుడు పాత్రలు మార్చుకోవడమే ఉపాయం. కథ పిల్లాడు చెబుతాడు, పెద్దవాళ్లు 'ఊఁ' కొడతారు. 'ఊఁ' మధ్యలో 'అప్పుడు పులికి కోపం రాలేదా?' అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పులి మూడు అడవులు దాటుతుంది. మాట చేతులు మారడమే ముఖ్యమన్న పరిశోధన ప్రకారం చూసినా, ఇలా చెప్పించుకోవడం చెప్పడంకన్నా తక్కువైనదేమీ కాదు.

ఏం ఆడాలన్నదానికన్నా ఎప్పుడు ఆడాలన్నది ఇంకా ముఖ్యం. లూపస్ రోగి అయిన క్రిస్టీన్ మిజరాండినో అనే అమెరికన్ మహిళ, తన స్నేహితురాలికి జబ్బు సంగతి వివరిస్తూ చెప్పిన చెంచాల లెక్కను 2003లో రాసింది. రోజుకు గుప్పెడు చెంచాలే చేతికొస్తాయి, స్నానానికి ఒకటి, బట్టలు మార్చుకోవడానికి ఒకటి పోతుంది, అయిపోయాక రేపటి చెంచాల్లోంచి అప్పు తెచ్చుకోవచ్చు గాని రేపు ఆ మేరకు లోటు పడుతుంది. ఆ తర్వాత ప్రపంచమంతటా రోగులు ఆ లెక్కలోనే మాట్లాడుకుంటున్నారు. పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క మరీ కచ్చితంగా వేసుకోవాలి. ప్రతి జబ్బుకూ దాని గడియారం ఉంటుంది. కీళ్లవాతానికి పొద్దుటి వేళ గడ్డుకాలం, పదకొండు గంటల వేళ చాలామందికి కాస్త నయంగా ఉంటుంది. ఆ వేళను పప్పు తాలింపుకూ బట్టలు ఆరేయడానికీ ఖర్చుపెట్టేస్తే సాయంత్రం పిల్లాడు బడి నుంచి వచ్చేసరికి మిగిలేది కసురుకోవడమే. ఉన్న ఓపికలో మంచి భాగాన్ని ముందే పిల్లాడి పేర తీసిపెట్టుకోవాలి. అది పావుగంట అయినా సరే, రోజూ ఒకే వేళకు వస్తుందని పిల్లాడికి తెలిస్తే మిగతా పూట ఎదురుచూడగలడు. ఎప్పుడొస్తుందో తెలియని రెండు గంటలకన్నా తప్పక వచ్చే పావుగంటను పిల్లలు ఎక్కువగా నమ్ముకుంటారు.

జబ్బు మనిషి ఎప్పుడూ తల్లే కానక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో, దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా రైతు కూలీల ఇళ్లను పట్టుకుంది. పలాసలో జీడిపప్పు పరిశ్రమకు పనికి వెళ్లేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. తల్లి పనికి పోతే, డయాలసిస్ చేయించుకునే తండ్రి ఇంట్లో పిల్లల దగ్గర ఉండిపోయే పరిస్థితి అలాంటి చోట సహజంగా వస్తుంది. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలపాటు యంత్రానికి కట్టుబడి వచ్చిన మనిషి ఆ పూట ఏమీ చేయలేడు. అది ఇంట్లో అందరికీ, పిల్లాడికి కూడా, ముందే తెలిసి ఉండాలి. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చేయి మీద బరువు పడకూడదు, ఎవరూ గుంజకూడదు. 'నాన్న ఈ చేయి నీది, ఆ చేయి డాక్టరుగారిది' అని ఒక్కసారి విడదీసి చెబితే నాలుగేళ్ల పిల్లాడికి చక్కగా అర్థమవుతుంది. మర్నాడు నాన్న కుదుటపడ్డాక, తనదన్న చేతి వైపు కూర్చుని పులి-మేక ఆడతాడు. ఆడించడం ఆడవాళ్ల పనన్న సిగ్గు మగవాళ్లను ఇంకా కొంత వెనక్కి లాగుతోంది. డయాలసిస్ మంచం ఆ సిగ్గుకు ఎలాగూ చోటివ్వదు కాబట్టి, దాన్ని త్వరగా వదిలించుకోవడమే మంచిది.

ఇంతవరకూ ఒప్పుకున్నవాళ్లు కూడా అడిగే ప్రశ్న ఒకటుంది. పిల్లలు పరిగెత్తాలి కదా, ఎంతసేపని మంచం పక్కన కూర్చుంటారు? న్యాయమైన ప్రశ్నే. మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల కదలిక, అందులో గంటసేపు ఒగర్చేంత ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అయితే ఆ కదలిక తల్లిదండ్రులతోనే జరగాలని ఎక్కడా లేదు. పరుగును అరువు తెచ్చుకోవచ్చు. ఎదురింటి పిల్లలు, మేడ మీద సాయంత్రం గంట, సెలవునాడు బాబాయి సైకిలు, మూడేళ్లు దాటితే అంగన్‌వాడీ కేంద్రం, ఇవన్నీ అందుకే ఉన్నాయి. అరువు దొరకనిది ఆ పరుగు తర్వాతి ఘట్టం. చెమటతో వచ్చి 'అమ్మా, నేను గోడ దూకాను' అని చెప్పినప్పుడు 'ఎంతెత్తు? నడుం దాకానా, భుజం దాకానా?' అని అడిగే మనిషి స్థానాన్ని పక్కింటివాళ్లు పూరించలేరు. అందుకే పిల్లాణ్ణి గంటసేపు బయట తిప్పడం సాయమవుతుంది గాని, నెల రోజులు ఊరు పంపేయడం చాలాసార్లు సాయం కాకుండా పోతుంది. తప్పనిసరై పంపాల్సి వస్తే, రోజూ ఒకే వేళకు వీడియో కాల్‌లో కథ చెప్పించుకోవడమైనా ఆపకూడదు.

ఫోన్ సంగతీ దాచకుండా మాట్లాడుకోవాలి. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని 'ఫోన్ ఇవ్వకు' అని మందలించడం సులువు. అవతల పిల్లాడు పొయ్యి దగ్గరికి పోకుండా కూర్చోబెట్టగలిగేది ఆ క్షణంలో అదొక్కటే కావచ్చు. రెండేళ్ల లోపు పిల్లలకు తెర అసలు వద్దని, రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు రోజుకు గంట మించకూడదని, అదీ పెద్దవాళ్లు పక్కనుండగానే చూపించాలని, అయిదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే ఉంచాలని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. జబ్బు తిరగబెట్టిన ఒక్క రోజు ఈ హద్దు దాటినంతలో కొంప మునగదు. చిక్కల్లా ఆ ఒక్క రోజు అలవాటుగా మారడంలోనే ఉంది. ఫోన్ పిల్లాడికి ఎన్నో చూపిస్తుంది గాని, పిల్లాడు అడిగినదానికి ఆగి బదులివ్వదు. ట్రోనిక్ ప్రయోగంలో బిడ్డను ఏడిపించిన లోటు సరిగ్గా అదే. కాబట్టి తెర ఇవ్వక తప్పని వేళ మంచం మీదే, పక్కనే ఉంచి చూపించండి. కళ్లు మూసుకునే 'ఇప్పుడేమైంది?' అని అడుగుతూ ఉండండి. వీలైతే తెరకు బదులు వినే కథలు పెట్టండి. ఆకాశవాణిలో బాలానందం వింటూ పెరిగిన తరానికి చెవులతో బొమ్మలు చూడటం తెలుసు, ఈ తరం పిల్లలకూ అది నేర్పవచ్చు.

అన్నిటికన్నా బలంగా వినిపించే అభ్యంతరం మరొకటుంది. పసివాడికి జబ్బు సంగతి చెబితే బెంగపడతాడు, దాచి నవ్వుతూ ఉండటమే మేలని పెద్దల మాట. ఆ మాట ప్రేమతో పుట్టిందే గాని ఫలితం తిరగబడుతుంది. 1999లో ఎలెన్ గలిన్‌స్కీ అమెరికాలో వెయ్యిమందికి పైగా బడిపిల్లల్ని, మీ తల్లిదండ్రుల ఉద్యోగం మీ జీవితాన్ని తాకే తీరులో ఒక్కటి మార్చగలిగితే ఏం కోరుకుంటారని అడిగింది. మా కోసం ఇంకాస్త సమయం కావాలంటారని తల్లిదండ్రులు ఊహించారు. పిల్లల్లో సుమారు మూడో వంతు మంది మాత్రం అమ్మ అలసట, ఒత్తిడి తగ్గాలని కోరుకున్నారు. అంటే దాచినా వాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. కారణం తెలియకపోతే, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు తామే కారణమనుకుంటారు: నేను అల్లరి చేశాను, అందుకే అమ్మ పడుకుంది. పిల్లల వయసుకు తగ్గట్టు నిజం చెప్పిన కుటుంబాల్లో పిల్లల మనసు కుదురుగా ఉంటుందని 2019లో 'లాన్సెట్'లో వచ్చిన సమీక్షా వ్యాసం కూడా సూచించింది. చెప్పాల్సింది పెద్ద ఉపన్యాసమేమీ కాదు. 'అమ్మకి కీళ్లల్లో నొప్పి కన్నా. నువ్వు చేసినదాని వల్ల రాలేదు. నీకు అంటుకోదు. ఇవాళ ఎత్తుకోలేను, పక్కన పడుకుంటే కథ చెప్పుకుందాం.' ఇందులో కారణం ఉంది, అభయం ఉంది, చేయలేనిది ఉంది, చేయగలిగేదీ ఉంది.

నిజం చెప్పడానికీ బరువు మోయించడానికీ మధ్య గీత మాత్రం చెరగకూడదు. నీళ్ల గ్లాసు తెచ్చివ్వడం, కాళ్ల మీద దుప్పటి లాగడం పిల్లలకు గర్వంగా ఉంటుంది, చేయనివ్వాలి. వేళకు మాత్రలు గుర్తుచేయడం, తమ్ముడికి అన్నం పెట్టడం, రాత్రి అమ్మ ఊపిరి గమనించడం పిల్లల పనులు కావు. తల్లిదండ్రులు దీర్ఘ వ్యాధితో ఉన్న పిల్లల మీద వచ్చిన అధ్యయనాలను 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. ఆ పిల్లల్లో దిగులు, లోలోపల కుమిలిపోవడం మిగతా పిల్లలకన్నా కొంత ఎక్కువగా కనిపించాయి, ఆ తేడా మాత్రం పెద్దదేమీ కాదు. మంచి పిల్లగా, అడక్కుండానే అన్నీ చేసేదిగా పేరు తెచ్చుకున్న ఎనిమిదేళ్ల అమ్మాయి లోపల భయపడుతోందేమో చూడమని దీని హెచ్చరిక. జబ్బు ఇల్లు పిల్లల్ని తప్పకుండా పాడుచేస్తుందన్న భయానికి ఆధారం లేదని కూడా ఇదే చెబుతోంది.

ఇక మిగిలింది, అసలు నోరు విప్పలేని రోజుల సంగతి. బదులివ్వడానికి ఓపిక తక్కువే చాలని రాయడం తేలికే, నొప్పి పదికి తొమ్మిది ఉన్న రోజు ఆ కాస్తా ఉండదు. దీనికి జవాబు కూడా ట్రోనిక్ దగ్గరే ఉంది. ఆరోగ్యంగా ఉన్న తల్లీ బిడ్డా కూడా ఒకరికొకరు సరిగ్గా శ్రుతి కలిపేది సుమారు మూడో వంతు సేపేనని, మిగతా సమయం తప్పడం, మళ్లీ కలుపుకోవడంతోనే గడుస్తుందని ఆయన గమనించాడు. బిడ్డకు మేలు చేసేది ఆ మళ్లీ కలుపుకోవడమే. నిన్న కసురుకుంటే ఇవాళ 'నిన్న నొప్పితో కోప్పడ్డాను, నీ తప్పు లేదు' అంటే ఆ తెగిన చోటు అతుక్కుంటుంది. అసలేమీ చేయలేని రోజు పిల్లాడు తనంతట తానే ఆడుకుంటే, విసుగెత్తి గోడకు కాళ్లానించి పడుకుంటే, అదీ పిల్లతనంలో భాగమే. ప్రతి నిమిషాన్నీ ఎవరో ఒకరు నింపిపెట్టాలన్న నియమం ఆరోగ్యవంతుల ఇంట్లోనే లేదు.

చివరికి లెక్క తేలాల్సింది ఇంట్లో మిగతావాళ్ల దగ్గర. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం దేశంలో ఆడవాళ్లలో 81 శాతం మంది రోజూ జీతం లేని ఇంటిపని చేస్తారు, మగవాళ్లలో 26 శాతమే. చేసేవాళ్ల లెక్క చూసినా ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. కీళ్లు వాచిన మనిషి ఆ 299 నిమిషాల్లో సగం చేసినా, పిల్లాడి కోసం ఏం మిగులుతుంది? 'వంట ఎవరు చేస్తారు మరి?' అంటారు. మొగుడు చేయవచ్చు, కుక్కర్‌లో పప్పూ అన్నం పెట్టడానికి డిగ్రీ అక్కర్లేదు. వీధి చివర కర్రీ పాయింట్ ఉంటే వారానికి మూడు రోజులు కూర అక్కణ్ణుంచే రావచ్చు. స్తోమత ఉంటే పనిమనిషిని పెట్టుకోవచ్చు, లేకపోతే ఇల్లు కాస్త చిందరవందరగా ఉన్నా ఒప్పుకోవచ్చు. తోమని గిన్నెలు, మడతపెట్టని బట్టలు పిల్లలకు గుర్తుండవు. పరామర్శకు వెళ్లే చుట్టాలకూ ఇదే విన్నపం. పళ్లబుట్టకు బదులు రెండు పూటలకు సరిపడా కూర వండి పట్టుకెళ్లండి, వచ్చేటప్పుడు ఉతకాల్సిన దుప్పట్లు తెచ్చుకోండి. పిల్లాణ్ణి సాయంత్రం గంటసేపు పరిగెత్తించి, ఆమెకు ఓపిక ఉండే వేళకు తిరిగి తెచ్చి ఒళ్లో కూర్చోబెట్టండి. 'పిల్లాణ్ణి కొన్నాళ్లు మాతో పంపు' అనే ముందు, ఆ ఇంట్లో ఏ పని తగ్గిస్తే పంపే అవసరం ఉండదో ఒక్కసారి ఆమెనే అడగండి.